సంగీత కళాశాల, సిరిమాను, కథానిలయం... ఇవి లేకపోతే మనం ఎవరం?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను ఆమదాలవలస వైపు ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. మొన్న తొమ్మిదో తరగతి పిల్లల చేత ‘మా ప్రాంతం’ మీద ఒక పేజీ రాయించాను. దిద్దుతుంటే మనసుకు కష్టమేసింది. దాదాపు అందరూ ‘మాది వెనకబడిన జిల్లా’ అనే మొదలుపెట్టారు. ఆ తర్వాత వలసలు, తుఫాన్లు, ఉద్దానంలో కిడ్నీ జబ్బులు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ వయసు పిల్లలకి తమ గురించి తెలిసింది ఇంతేనా? అరసవల్లి గుడి గురించి కొందరు రాశారు. తెలుగు కథలన్నీ దాచిన కథానిలయం శ్రీకాకుళంలో ఉందని మాత్రం ఒక్కరూ రాయలేదు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ‘మేం ఫలానా ఊరివాళ్లం’ అనే భావం మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? జిల్లా గీతల నుంచి అయితే రాదు. 1950 ఆగస్టు 15న విశాఖ నుంచి విడదీసి శ్రీకాకుళం జిల్లా చేశారు. 1979లో విజయనగరం వేరైంది. 2022లో పార్వతీపురం మన్యం వచ్చింది. పాలకొండ మా చుట్టాలు జిల్లా మారినా మాటా మారలేదు, మర్యాదా మారలేదు. నాకు తోచింది ఏమిటంటే, ఊళ్లో తరతరాలుగా నడిచే గుడి, బడి, గ్రంథాలయం, నాటక సమాజం, సంఘం లాంటివే ఈ పని చేస్తాయి. మీ ఊళ్లో అలాంటిది ఏముంది? అది మిమ్మల్ని ఎలా తయారు చేసింది? గొప్పవాళ్ల పేర్లు మనకు తెలిసినవే. ఆ సంస్థ ఎలా పనిచేస్తుందో చెప్పండి. పిల్లలకి చెప్పాలి నేను.

కోట జంక్షన్ (విజయనగరం)

టీచరమ్మా, మంచి మాట ఎత్తారు. నాది మూడు లాంతర్ల దగ్గర చిన్న షాపు. మా ఊరి సంగతి చెప్పాలంటే పైడితల్లి అమ్మవారి సిరిమాను దగ్గరే మొదలుపెట్టాలి.

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను. ముందు రోజు సోమవారం తొలేళ్లు, ఆ రాత్రి రైతులకి విత్తనాలు పంచుతారు. సిరిమాను అంటే యాభై అరవై అడుగుల చింతమాను. ఏ చెట్టో పూజారికి అమ్మవారు కలలో చెబుతుందని నమ్మకం. ఆ మాను కొసన పీట కట్టి పూజారిని కూర్చోబెడతారు. మొదలు వైపు బండి మీద ఉంటుంది. ఊళ్లో అమ్మవారి గుడి, అంటే చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. జనం కింద నుంచి అరటిపళ్లు విసురుతారు. రోడ్డంతా పళ్లు, తొక్కలు, మనుషులు. మా షాపు మేడ మీద ఆ రోజు నాకే చోటు ఉండదు. ముక్కూ మొహం తెలియని పల్లెటూరి వాళ్లు పొద్దున్నే వచ్చి పిల్లల్ని పైకి ఎక్కించేస్తారు. మా నాన్న కాలం నుంచీ అంతే, ఎవరినీ వద్దనం.

ఇప్పుడు అసలు సంగతి. సిరిమాను ఒక్కటే కదలదు. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. వల ఎందుకంటే, పెద్దచెరువులో అమ్మవారి విగ్రహం బయటపడిన కథలో జాలర్ల పాత్ర ఉంది. అందుకే రాజుగారు కోట బురుజు మీద కూర్చుని చూసే ఊరేగింపులో వాళ్ల వల ముందు నడుస్తుంది. ఏ కులం వాళ్లు ఏ పని చేయాలో, ఎవరు లేకపోతే బండి కదలదో అందరికీ తెలుసు. మీరడిగిన ‘ఎలా పనిచేస్తుంది’కి నా జవాబు ఇదే. ఊరు మొత్తానికి పని పంచుతుంది. పని ఉన్నవాడు తనని ఊరివాడు అనుకుంటాడు.

బొబ్బిలి మేష్టారు (బొబ్బిలి)

కోట జంక్షన్ గారూ, ఆ కథకి మొదలు మా ఊళ్లో ఉంది కదా. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. మీ విజయనగరం రాజు విజయరామరాజు గారు ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో వచ్చారు. ఆ తర్వాత మా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో ఆయన పోయారు. యుద్ధం వద్దని చెల్లెలు పైడితల్లి బతిమాలిందని, అన్న పోయిన బాధలో ఆమె దేవతై పెద్దచెరువులో వెలిసిందని మీ ఊరి కథ.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఒకటుంది. ఒకే యుద్ధం, రెండు ఊళ్లు. గెలిచిన ఊరు యుద్ధం వద్దన్న ఆడపిల్లని దేవతని చేసుకుని ఏటా మొక్కుతోంది. ఓడిన మా ఊరు స్మారక స్తంభం కట్టుకుని, బుర్రకథల్లో విని, పౌరుషాన్ని పేరుగా పెట్టుకుంది. ‘బొబ్బిలోళ్లం’ అనడంలోనే ఒక బిగువు ఉంటుంది చూడండి. జరిగింది ఒకటే అయినా, గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఒక చోట గుడి, ఒక చోట స్తంభం. రెండు రకాల జనం తయారయ్యారు. టీచరు గారి ప్రశ్నకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకదు.

వాయులీనం (విజయనగరం, ఇప్పుడు విశాఖ)

నేను మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం బ్యాంకులో, అయినా ఎవరైనా ‘మీరెవరు’ అంటే నా నోట ముందుగా వచ్చేది ఆ కళాశాల పేరే.

1919లో మహారాజు విజయరామ గజపతి గారు పెట్టారు. ఎస్టేటులో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదట, సంగీతం మీద ప్రాణమట. ఆ అబ్బాయిని ఎక్కడికో పంపే బదులు ఇక్కడే బడి పెడదాం అనుకున్నారని మా మేష్టార్లు చెప్పేవారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆయన చేరదామని వస్తే, వాయించిన తీరు చూసి విద్యార్థిగా కాకుండా ఆచార్యుడిగానే తీసుకున్నారని ప్రతి బ్యాచ్‌కీ చెబుతారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

కానీ నేను చెప్పదలుచుకున్నది ఘంటసాల గారి గురించి. ఆయన కృష్ణా జిల్లా నుంచి చేతిలో ఏమీ లేకుండా వచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పాఠం చెప్పారు. తిండి? మధుకరం. జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు తలా పిడికెడు వేసేవారు. రాజుగారు కళాశాల పెట్టారు, నిజమే. ఎక్కడి నుంచో వచ్చిన కుర్రాడికి రోజూ అన్నం పెట్టింది మాత్రం ఊళ్లో ఇళ్లు. సంగీతం రాని ఇల్లాలు కూడా ‘మా వీధిలో తిన్నవాడే’ అని చెప్పుకునే హక్కు సంపాదించింది. విద్యల నగరం అని మా ఊరికి పేరు నిలబడింది ఆ పిడికెళ్ల వల్ల కూడా.

ఉద్దానం కొబ్బరి (హైదరాబాద్)

మాది కవిటి మండలం. హైదరాబాద్‌లో చాలాకాలంగా ఉంటున్నా. ఇక్కడ మా వాళ్లంతా బిల్డింగ్ పనుల్లో, వాచ్‌మన్ డ్యూటీల్లో ఉంటారు. మాట వినగానే ‘శ్రీకాకుళమా’ అంటారు. ఆ అడగడంలో చిన్నచూపు ఉంటుంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. ఏటి, గానీ, ఎల్తన్నాను అన్నామంటే నవ్వుతారు. కొత్తలో మాట మార్చుకుందామని చాలా తంటాలు పడ్డాను.

నన్ను నిలబెట్టింది కథానిలయమే. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, విశాఖలో లెక్కల మేష్టారుగా రిటైరయ్యారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ డబ్బు దాచుకోకుండా 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒక చోట ఉండాలని ఆయన పట్టుదల. పాత పత్రికలు, సంపుటాలు, విడి కాగితాలు, ఎవరి దగ్గర ఏది ఉందంటే అక్కడికి ఉత్తరం రాయడమో వెళ్లడమో. తన కథ తన దగ్గరే లేని రచయితలకు ఇక్కడి నుంచి జిరాక్స్ కాపీలు వెళ్లాయి. ఇప్పుడు ఆన్‌లైన్లో పెట్టారు. నేను రాత్రి షిఫ్టులో ఫోన్లో చదువుకుంటా.

అందులో మా మాట అచ్చులో చూశాను. మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడే మనుషులు, పేజీలకు పేజీలు, నవ్వులాట కోసం కాకుండా కష్టసుఖాలు చెప్పడానికి. తెలుగు కథలన్నీ దాచిన ఇల్లు హైదరాబాద్‌లో లేదు, విజయవాడలో లేదు, మా శ్రీకాకుళంలో ఉంది. టీచరు గారూ, ఈ ముక్క మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి. రేపు వాళ్లలో సగం మంది బయటి ఊళ్లకి వెళ్లాల్సినవాళ్లే. అప్పుడు పనికొస్తుంది.

గరివిడి కుర్రోడు (గరివిడి)

అందరూ పెద్దవాళ్లు, గౌరవంగానే చెబుతున్నా. నాకు ఈ చర్చలో ఒకటి మింగుడు పడటం లేదు. సంస్థ అంటే బిల్డింగ్, బోర్డు, ప్రిన్సిపాల్ ఉండాలా?

మా పెదనాన్న తప్పెటగుళ్ల దళం గురువు. పదిహేను, ఇరవై మంది. రేకుతో చేసిన తప్పెట గుండెల మీద కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టి, రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లారేదాకా ఆట. గంగమ్మ జాతరకి, వానలు పడకపోతే, గొర్రెలకి జబ్బు చేస్తే. కాటమరాజు కథ మొత్తం నోటికి వచ్చు వాళ్లకి. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కడతారు, తప్పెట మోత మాత్రం ఆగదు. మా యాదవుల ఇళ్లలో పుట్టినవాడు నడక నేర్చిన దగ్గర నుంచి చూసేది ఇదే. మాకు ‘మేం ఫలానా’ అని చెప్పింది ఇది. దీనికి గది లేదు, జీతం లేదు, సర్టిఫికెట్ లేదు.

ఒకసారి పెద్ద సాంస్కృతిక సభకి పిలిచారు. మావాళ్లు సంబరపడి కొత్త నిక్కర్లు కుట్టించుకుని వెళ్లారు. స్టేజీ మీద శాస్త్రీయ సంగీతం. మా దళాన్ని రోడ్డు మీద నిలబెట్టి, వచ్చే పెద్దమనుషుల కారు ముందు ఆడమన్నారు. ఎండలో గంటల తరబడి. కార్లు లోపలికి వెళ్లాక ఇక చాలు, వెళ్లిపోండి అన్నారు. ఒక ఊరి గుర్తింపును సంస్థలు తయారు చేస్తాయని మీరంతా అంటున్నారు. ఎవరిని లోపల కూర్చోబెట్టాలో, ఎవరిని బయట నిలబెట్టాలో కూడా అవే తేలుస్తాయి. దాని గురించి కూడా మాట్లాడుకోవాలి.

కోట జంక్షన్ (విజయనగరం)

బాబూ, నువ్వు చెప్పింది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నిజమే. సిరిమాను రోజు మా వీధిలో మీ తప్పెటగుళ్లు, పులివేషాలు, కోలాటాలు అన్నీ వస్తాయి. ఆ రోజు వాళ్లే ముందు. మర్నాటి నుంచి వాళ్లు ఎక్కడుంటారో మేం అడగం. పండుగ పంచిన గౌరవం పండుగతో అయిపోతోంది.

పొందూరు చీర (పొందూరు)

నేను ఎక్కువ రాయలేను, చదువు తక్కువ. మా అత్త, మా అమ్మ ఇద్దరూ రాట్నం మీద నూలు వడికినవాళ్లే. నేనూ వడుకుతాను. అందుకని నాకు తెలిసింది చెబుతాను.

కొండపత్తి గింజ చుట్టూ పీచు చిన్నగా ఉంటుంది. దాన్ని వాలుగ చేప దవడతో దువ్వుతాం. ఆ దవడకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, ఇనప దువ్వెన పనికిరాదు, పీచు తెగిపోతుంది. ఆ చేప దవడలు గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటాం. అందులో ఉంటే ఏకు పాడవదు, చేతి చెమట అంటదు. ఒక పక్క రాట్నం తిప్పుతూ ఒక పక్క లాగాలి. వంద కౌంటు నూలు అలా వస్తుంది. చేతిలో పట్టుకుంటే ఉందో లేదో తెలియనంత సన్నం.

గాంధీగారు ఈ బట్ట సంగతి విని కొడుకు దేవదాస్ గాంధీని మా ఊరు పంపించారు. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. తర్వాత ఖాదీ సంఘం వచ్చింది. సంఘం పత్తి ఇస్తుంది, నూలు తీసుకుని డబ్బు ఇస్తుంది, నేతగాళ్లకి ఇస్తుంది. సంఘం లేకపోతే మా అత్త వడికిన నూలు ఎవడు కొంటాడు? ఢిల్లీలో కట్టుకునేవాడికి మా ఇల్లు ఎలా తెలుస్తుంది?

కానీ కూలి చాలదు. నా కూతురు వడకనంది. నేను పట్టుబట్టలేదు. గరివిడి బాబు చెప్పినట్టు, పేరు ఊరికి వస్తుంది, పని చేసేవాళ్లకి పూట గడవాలి కదా. మా ఊరంటే పొందూరు ఖద్దరు అని దేశమంతా అంటుంది. వడికే ఆడవాళ్లు ముసలివాళ్లు అయిపోయాక ఆ పేరు దేని మీద నిలబడుతుంది?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అమ్మా, చదువు తక్కువ అన్నారు గానీ, ఈ చర్చలో ఇంత వివరంగా ఎవరూ రాయలేదు. అరటి దొప్ప సంగతి నాకు ఇవాళే తెలిసింది. మీరు ఒప్పుకుంటే ఇది మా పిల్లలకి చదివి వినిపిస్తాను.

సీతంపేట మాస్టారు (సీతంపేట)

ఏజెన్సీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

గిడుగు రామమూర్తి గారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. వాడుక భాష కోసం పోరాడారని చెప్పి దండ వేస్తాం. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ల కోసం బళ్లు పెట్టి, వాచకాలు రాసి, వ్యాకరణం, నిఘంటువు తయారు చేసిన సంగతి సభల్లో ఒక వాక్యంలో అయిపోతుంది. ప్రభుత్వం బహుమానం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమని అడిగిన మనిషి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లాక ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. సవరలు మాత్రం గీతకి అటూ ఇటూ ఉండిపోయారు. అదే ఏడాది ఒడిశా వైపు మంగెయి గమాంగో గారు సవరకి సొంత లిపి తయారు చేశారు. ఇటువైపు మేం తెలుగు లిపిలో చెప్పాం. ఒక జనానికి రెండు అక్షరాల బళ్లు.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా స్కూల్లో చేరిన సవర పిల్ల మొదటి నెలలు నోరు విప్పేది కాదు. మందబుద్ధి అని రాసేద్దాం అన్నారు. సవర తెలిసిన వాలంటీరు ఒకామె వచ్చి ఆ భాషలో కథ చెప్పింది. ఆ పిల్ల మధ్యలో ఆపి, కథ తప్పు చెబుతున్నావని సరిచేసింది! వాళ్ల ఇళ్లలో గోడకి ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. మనుషులు, చెట్లు, జంతువులు, పితరులు, అన్నీ ఒక చట్రంలో. మనకి అది పెయింటింగ్. వాళ్లకి అది గుడి, బడి, ఆస్పత్రి అన్నీ. దాన్ని వాళ్ల గోడ మీద నుంచి తీసి మన హోటల్ లాబీలో పెట్టాక, ‘గిరిజన సంస్కృతిని కాపాడాం’ అనుకుంటున్నాం. బడి వాళ్ల భాషని లోపలికి రానిస్తేనే ఆ మాటకి అర్థం ఉంటుంది.

వాయులీనం (విజయనగరం, ఇప్పుడు విశాఖ)

గరివిడి తమ్ముడూ, నీ పోస్టు చదివాక రెండు రోజులు ఏం రాయాలో తెలియలేదు. సమర్థించుకోవడానికి రాయడం లేదు, నువ్వు అడిగింది న్యాయం. కానీ ఒకటి గుర్తు చేస్తాను.

మా కళాశాల మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసు గారు అజ్జాడ అనే పల్లెటూరి మనిషి. ఇప్పుడు అది మన్యం జిల్లా. ఆయన కాళ్లకి గజ్జె కట్టి, చిడతలు పట్టి, ఊరూరా హరికథ చెప్పారు. కథకుడు ఆడతాడు, పాడతాడు, జనంతో మాట్లాడతాడు. అలాంటి మనిషిని తెచ్చి రాజుగారు సంగీత కళాశాలకి పెద్దని చేశారు. గజ్జె కట్టినవాడు ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోవడంతోనే ఆ కళాశాల మొదలైంది. నాదస్వరం, డోలు కూడా అక్కడ పాఠాలే. గుడి ముందు వాయించే విద్యకి తరగతి గది ఇచ్చిన చోటు, తప్పెటకి ఎందుకు ఇవ్వకూడదు? ఇది నేను అడగాల్సిన ప్రశ్న, పూర్వ విద్యార్థిగా.

గరివిడి కుర్రోడు (గరివిడి)

అన్నా, మీరు ఇలా అన్నందుకు సంతోషం. కానీ గది ఇస్తే సరిపోదు. తప్పెటగుళ్లు గదిలో పడితే సిలబస్ అవుతుంది. పది నిమిషాల ఐటెం అవుతుంది. మా పెదనాన్న ఏటంటాడంటే, ‘తెల్లారేదాకా ఆడకపోతే గంగమ్మకి ఏటి సెప్పినట్టు?’ అని. రాత్రంతా ఆడితేనే కాటమరాజు కథ పూర్తవుతుంది, నిద్రపోయే ముసలాళ్లు లేచి తప్పు పట్టుకుంటారు, పిల్లలు నేర్చుకుంటారు. ఊరంతా కూర్చుని వినడమే మా కళాశాల. దాన్ని వదిలేసి స్టెప్పులు మాత్రం నేర్పితే మాకు మిగిలేది ఏముంటుంది?

బొబ్బిలి మేష్టారు (బొబ్బిలి)

ఇది మా గొల్లపల్లి వీణల వాళ్లకీ వర్తిస్తుంది. ఒకే పనస దుంగని తొలిచి వీణ మొత్తం చేస్తారు. జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ అతిథులకి ఇచ్చే చిన్న బొమ్మ వీణలకి ఉన్న గిరాకీ వాయించే వీణకి లేదు. మోగని వీణ షోకేసులోకి వెళ్తుంది. మోగే వీణ కావాలంటే వాయించేవాడు ఉండాలి, వినేవాడు ఉండాలి. గుర్తింపు పత్రం వేరు, గుర్తుపట్టే జనం ఉండటం వేరు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

చదువుతున్న కొద్దీ నాకు ఇంకొకటి తోస్తోంది. మనం ఇప్పటిదాకా సంస్థలు ఇచ్చే గర్వం గురించి మాట్లాడుకున్నాం. సిగ్గుపడేలా చేయడం కూడా వాటి పనే.

గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలోనే మొదట ఆడారు, జగన్నాథ విలాసినీ సభ వాళ్లు. ఆ నాటకం వెనక ఒక లెక్క ఉంది. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల పట్టీ తయారు చేయించారు. మూడేళ్లకి 1034 పెళ్లిళ్లు తేలాయి. అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. 1897లో పుస్తకం వేసినప్పుడు గురజాడ ముందుమాటలో ఈ అంకెలు ఇచ్చారు. ఎదుట కూర్చుని చూసినవాళ్లలో ఆ పట్టీలోని ఇళ్లవాళ్లు ఉండే ఉంటారు. అయినా ఊరు ఆ నాటకాన్ని తనదే అనుకుంది. ఇవాళ్టికీ విజయనగరంలో గురజాడ ఇల్లు చూపించి ‘మా అప్పారావు’ అంటారు. తన తప్పు చూపించినవాణ్ణి సొంతం చేసుకున్న ఊరు అది. మనం పిల్లలకి నేర్పాల్సిన గుర్తింపు ఇలాంటిదే అని నా అభిప్రాయం. గరివిడి బాబు దళాన్ని ఎండలో నిలబెట్టిన సంగతి కూడా మన ప్రాంతం చరిత్రలో రాసుకోవాలి, ఎక్కడో దాచేయకూడదు.

ఉద్దానం కొబ్బరి (హైదరాబాద్)

టీచరు గారూ, మీ పిల్లలు ‘వెనకబడిన జిల్లా’ అని రాశారని బాధపడ్డారు కదా. కారా మాస్టారు, చాసో లాంటి మన కథకులు ఆ వెనకబాటునే రాశారు. కూలి బతుకులు, అప్పులు, ఆకలి. కానీ ఎందుకు అలా ఉంది, ఎవరి వల్ల అని అడిగారు. పిల్లలు రాసినదాంట్లో ఆ ప్రశ్న ఒకటి చేరితే చాలు, అది ఏడుపు అవ్వదు. కథానిలయానికి వాళ్లని ఒకసారి తీసుకెళ్లండి. గోడల మీద రచయితల ఫొటోలు ఉంటాయి. మన మేష్టార్లు, గుమస్తాల్లా ఉంటారు మొహాలు. రాసేవాళ్లు మనలాంటివాళ్లేనని ఫొటో చూస్తేనే తెలుస్తుంది.

సీతంపేట మాస్టారు (సీతంపేట)

అవును, తీసుకెళ్లండి. ఆ దారినే ఇంకొక పని పెట్టండి. ప్రతి పిల్లా తన ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక కథ విని, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసుకుని రావాలి. ‘శుద్ధమైన తెలుగు’లోకి మార్చకూడదు. గిడుగు వారికి దండ వేయడం కంటే అది మేలు. సవర, జాతాపు పిల్లలు ఉంటే వాళ్ల భాషలోనే, తెలుగు అక్షరాల్లో రాయనివ్వండి. అర్థం కాని చోట వాళ్లనే అడిగి నేర్చుకోండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

తప్పకుండా చేస్తాను మాస్టారూ. హెడ్‌మాస్టరు గారిని అడిగాను, ఒప్పుకున్నారు. బస్సు ఖర్చు గురించి కొంచెం టెన్షన్‌గా ఉంది గానీ, తల్లిదండ్రుల కమిటీలో మాట్లాడతాను.

కోట జంక్షన్ (విజయనగరం)

బస్సు డీజిల్ నా వంతు. మరో మాట లేదు. గరివిడి బాబూ, వచ్చే పండక్కి మీ పెదనాన్నగారి దళం మా ఇంటి దగ్గర దిగాలి. తొలేళ్ల రాత్రి మా షాపు ముందు ఖాళీ స్థలం ఉంది. తెల్లారేదాకా ఆడండి, ఎవరూ ఆపమనరు. పోలీసు పర్మిషన్ నేను చూసుకుంటా. భోజనాలు మా వీధి వాళ్లం పెడతాం.

వాయులీనం (విజయనగరం, ఇప్పుడు విశాఖ)

నేను రికార్డింగ్ సామాను తెస్తాను. కథ మొత్తం రికార్డు చేసి, పదాలు రాసి, ఒక కాపీ దళానికి, ఒకటి కథానిలయానికి, ఒకటి మా కళాశాల లైబ్రరీకి ఇద్దాం. వాళ్లు తీసుకునేలా నేను మాట్లాడతాను. తమ్ముడూ, పెదనాన్నగారు ఏమంటారో కనుక్కో.

గరివిడి కుర్రోడు (గరివిడి)

అడిగానన్నా. ఒప్పుకున్నారు, కానీ రెండు షరతులు పెట్టారు. కూర్చోబెట్టి మైకు ముందు పాడమంటే పాడరట, ఆడుతుండగానే పట్టుకోవాలట. రెండోది, పదాలు రాసిన కాగితం ముందు మా ఊళ్లో చదివి వినిపించాలి. కథ తప్పు పోతే మా ముసలాళ్లు చెబుతారు, దిద్దాకే బయటికి ఇవ్వాలి. కారు ముందు ఆడే పని మాత్రం ఇంకెవరు పిలిచినా చేయమని చెప్పమన్నారు. దళంలో కొత్తగా చేరిన నలుగురు కుర్రాళ్లకి తప్పెటలు కావాలి, రేకు పని చేసే మనిషి మీ విజయనగరంలో ఎవరైనా ఉంటే చెప్పండి పెద్దాయనా.

కోట జంక్షన్ (విజయనగరం)

ఉన్నాడు. గంటస్తంభం వెనక సందులో. కొలతలు పంపు, ఆదివారం వెళ్లి అడుగుతాను.